హైస్కూలు రసాయన శాస్త్రానికి ఆన్‌లైన్ సాయం: ఏ ఇబ్బందికి ఏది ఎంచుకోవాలి

హైస్కూలు రసాయన శాస్త్రానికి ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికే సామగ్రి ఒక విద్యార్థి చదవగలిగినదానికంటే, ఒక ఉపాధ్యాయుడు పరిశీలించగలిగినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంది. అందుచేత అన్నిటికంటే మంచిది ఏదని అడిగి పెద్దగా ప్రయోజనం లేదు. మనం ఎక్కడ ఆగిపోయామో ముందు తేల్చుకుని, ఆ చోటుకు సరిపోయేది వెదుక్కుంటే సగం శ్రమ తగ్గుతుంది. ఈ వ్యాసంలో పోలికలన్నీ ఆ దృష్టితోనే చేశాను.

ముందు ఇబ్బందిని గుర్తించడం

గ్లాస్గో విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్స్ జాన్‌స్టన్ రసాయన శాస్త్రం ఎందుకు కష్టమనిపిస్తుందో వివరిస్తూ, ఈ శాస్త్రం ఒకేసారి మూడు స్థాయుల్లో నడుస్తుందని చెప్పాడు. ఒకటి కంటికి కనిపించేది, రెండవది కంటికి కనిపించని కణాల స్థాయి, మూడవది సంకేతాలు, సమీకరణాల స్థాయి. ఉదాహరణకు, వెండి నైట్రేట్ ద్రావణాన్ని ఉప్పు నీటిలో కలిపితే తెల్లని అవక్షేపం ఏర్పడటం మొదటి స్థాయి. వెండి అయాన్లూ క్లోరైడ్ అయాన్లూ జతకూడి ఘనపదార్థంగా విడిపోగా, సోడియం, నైట్రేట్ అయాన్లు నీటిలోనే తిరుగుతూ ఉండటం రెండవ స్థాయి. కాగితం మీద రాసే సమీకరణం మూడవ స్థాయి. ఉపాధ్యాయుడు ఈ మూడింటి మధ్య ఒక్క వాక్యంలో అటూ ఇటూ తిరిగి వస్తాడు. కొత్తగా నేర్చుకునేవారు సాధారణంగా అక్కడే దారి తప్పుతారు.

ఒక చిన్న పరీక్షతో మీ ఇబ్బంది ఏ స్థాయిలో ఉందో తెలుసుకోవచ్చు. పై చర్యకు సమీకరణం రాయండి. తరువాత, చర్య ముగిశాక బీకరులో ఏ కణాలు ఎక్కడ ఉంటాయో బొమ్మ గీయండి. సమీకరణం సరిగా వచ్చి, బొమ్మలో మాత్రం సోడియం, నైట్రేట్ కూడా జంటగా అతుక్కుని కనిపిస్తే, ఆ విద్యార్థికి ఇంకో ఉపన్యాస వీడియో వల్ల ఒరిగేది తక్కువ. కణాలను కదిలించి చూపే సిమ్యులేషన్ కావాలి. బొమ్మ సరిగా వచ్చి గుణకాల దగ్గర తడబడితే, అభ్యాస లెక్కలు కావాలి. అసలు ఆ అవక్షేపాన్ని ఎన్నడూ చూడకపోతే, ప్రయోగాన్ని చూపే వీడియో అయిదు నిమిషాలు చూసినా చాలు. ముగ్గురికీ ఒకే సైటును సిఫారసు చేయడం చాలా మామూలుగా జరిగే పొరపాటు.

వీడియోలు, పాఠ్యం

ఒక భావన మొదటిసారి వింటున్నప్పుడు వీడియో మేలు. రెండవసారి దాని దగ్గరకు వచ్చినప్పుడు పాఠ్యం మేలు అని నా అభిప్రాయం. వీడియోలో కావలసిన ఒక్క వాక్యం కోసం ముందుకూ వెనక్కూ జరుపుకోవాలి, పైగా వింటున్నంతసేపూ అంతా అర్థమైనట్టే అనిపిస్తుంది. పాఠ్యం అలా మభ్యపెట్టదు. అర్థం కాని వాక్యం అక్కడే నిలబెడుతుంది.

వీడియోల్లో ఖాన్ అకాడమీ ఇప్పటికీ మొదట చూడదగినదే. దాని బలం వీడియోల కంటే వాటి వెంట ఉండే అభ్యాసాల్లో ఉంది. తప్పు చేసినప్పుడు మెట్టు మెట్టుగా సూచనలు వస్తాయి, ఒక అంశంలో పట్టు వచ్చిందో లేదో నమోదవుతుంది, ప్రకటనల బెడద ఉండదు. అయితే బోర్డు మీద రాస్తూ వివరించే ఈ పద్ధతి జాన్‌స్టన్ చెప్పిన మూడవ స్థాయికే ఎక్కువగా పరిమితమవుతుంది. టైలర్ డివిట్ వీడియోలు దీనికి మంచి జోడీ. ప్రమాణాల మార్పిడి, మోల్ (పదార్థ రాశిని కొలిచే ప్రమాణం) లెక్కలు వంటివాటిలో వెనుకబడినవారి కోసం ఆయన ప్రతి అడుగునూ ఓపికగా విడదీసి చూపిస్తాడు. ఇప్పటికే చురుకుగా ఉన్న విద్యార్థికి అవి నెమ్మదిగా అనిపించవచ్చు.

హ్యాంక్ గ్రీన్ నడిపిన క్రాష్ కోర్స్ కెమిస్ట్రీ దీనికి పూర్తిగా భిన్నం. మాట వేగం ఎక్కువ, హాస్యం ఎక్కువ, సమాచారం మరీ ఎక్కువ. మొదటిసారి నేర్చుకోవడానికి దాన్ని ఎంచుకోవద్దని చెబుతాను. అధ్యాయం పూర్తయ్యాక మొత్తాన్ని ఒకసారి కలిపి చూసుకోవడానికి మాత్రం ఎంతో బాగుంటుంది. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం 2008లో మొదలుపెట్టిన పీరియాడిక్ వీడియోస్ సంగతి వేరు. మార్టిన్ పోలియాకాఫ్, ఆయన సహచరులు కలిసి 118 మూలకాలకూ వీడియోలు చేశారు. అవి పరీక్షలో మార్కులు తెచ్చిపెట్టవు. కానీ సీజియం నీటిని తాకగానే ఏమవుతుందో చూసిన విద్యార్థికి, ఆవర్తన పట్టికలో ఒక గ్రూపులో కిందికి పోయేకొద్దీ క్షార లోహాల చర్యాశీలత పెరుగుతుందన్న వాక్యాన్ని బట్టీ పట్టవలసిన అవసరం ఉండదు.

పాఠ్యం వైపు వస్తే నా మొదటి సిఫారసు కెమ్‌గైడ్. జిమ్ క్లార్క్ అనే ఉపాధ్యాయుడు రాసిన ఈ సైటు చూడటానికి సాదాసీదాగా ఉంటుంది. రంగులూ ఆర్భాటాలూ లేవు. ఎక్కడ విద్యార్థులు పొరబడతారో ముందే ఊహించి అక్కడ ఆగి వివరించడం, పాఠ్యపుస్తకాలు సరళీకరించి చెప్పే చోట ఆ సంగతి దాచకుండా చెప్పడం దీని ప్రత్యేకత. ఇది బ్రిటన్‌లోని ఏ-లెవల్ (విశ్వవిద్యాలయంలో చేరడానికి ముందు చదివే కోర్సు) స్థాయిని దృష్టిలో పెట్టుకుని రాసింది కాబట్టి, హైస్కూలు తొలి సంవత్సరాలవారికి కొన్ని పుటలు బరువుగా ఉంటాయి.

సీకే-12 అనే సంస్థ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇచ్చే పుస్తకాలు సరిగ్గా హైస్కూలు స్థాయివి. ఉపాధ్యాయుడు అధ్యాయాలను తనకు కావలసినట్టు తీసివేసుకోవచ్చు, కలుపుకోవచ్చు. రైస్ విశ్వవిద్యాలయపు ఓపెన్‌స్టాక్స్ ప్రచురించిన రసాయన శాస్త్ర గ్రంథం కళాశాల మొదటి సంవత్సరానికి ఉద్దేశించినది, కానీ స్టాయికియోమెట్రీ (చర్యలో పాల్గొనే పదార్థాల పరిమాణాల లెక్కలు), వాయువులు, ఆమ్ల క్షారాల అధ్యాయాలు పై తరగతుల హైస్కూలు విద్యార్థులకు చక్కగా పనికివస్తాయి. పుస్తకం మొత్తాన్నీ ఉచితంగా దించుకుని నెట్ లేనప్పుడు కూడా చదువుకోవచ్చు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో 2008లో కెమ్‌వికీగా మొదలైన లిబ్రెటెక్స్ట్స్ వీటన్నిటికంటే పెద్దది, వీటన్నిటికంటే దారి తప్పించేది కూడా అదే. ఒక పదం వెదికితే హైస్కూలు పాఠం పక్కనే పరిశోధక విద్యార్థులు చదివే క్వాంటమ్ రసాయన శాస్త్రపు పుట తెరుచుకోవచ్చు. చదవడం మొదలుపెట్టే ముందు ఆ పుట ఏ పుస్తకంలో, ఏ స్థాయి విభాగంలో ఉందో పైన చూసుకోవాలి.

కనిపించని కణాలను చూపేవి

రెండవ స్థాయి ఇబ్బందికి మాటలతో చేసే వివరణ ఎంత బాగున్నా సరిపోదు. కొలరాడో విశ్వవిద్యాలయం, బౌల్డర్‌లో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో ప్రారంభించిన ఫెట్ సిమ్యులేషన్లు ఈ విషయంలో మిగతావాటికంటే చాలా ముందున్నాయి. ఇవి ఉచితం, మామూలు బ్రౌజరులోనే నడుస్తాయి, చాలావాటిని దించుకుని నెట్ లేకుండా కూడా వాడుకోవచ్చు.

ఉదాహరణకు పీహెచ్ స్కేలు సిమ్యులేషన్‌ను తీసుకుందాం. ఆమ్ల ద్రావణానికి నీళ్లు పోస్తూ పోతే పీహెచ్ పెరుగుతుందని విద్యార్థులందరికీ తెలుసు. ఇంకా ఇంకా పోస్తే 7 దాటి క్షారమవుతుందా అని అడిగితే, అవునని చెప్పేవారు ప్రతి తరగతిలోనూ కొందరుంటారు. ఆ సిమ్యులేషన్‌లో పాత్రలోంచి కొంత ద్రావణం తీసివేస్తూ, మళ్లీ నీళ్లు పోస్తూ చూస్తే, సంఖ్య 7కు దగ్గరవుతూ పోతుందే తప్ప దాన్ని దాటదు. హైడ్రోనియం, హైడ్రాక్సైడ్ అయాన్ల నిష్పత్తి అదే తెర మీద కనిపిస్తూ ఉంటుంది కాబట్టి, ఎందుకు దాటదో ఉపాధ్యాయుడు చెప్పకముందే విద్యార్థే చెప్పగలుగుతాడు. రసాయన చర్యలో మిగిలిపోయే పదార్థాలను చూపే మరొక సిమ్యులేషన్ శాండ్‌విచ్‌లతో మొదలై అణువులతో ముగుస్తుంది. లిమిటింగ్ రియేజెంట్ (ముందుగా అయిపోయి చర్యను ఆపేసే పదార్థం) అన్న భావనకు అంతకంటే సులువైన ప్రవేశం నేను చూడలేదు.

ఫెట్‌లోని లోపం కూడా చెప్పాలి. ఏ ప్రశ్నా లేకుండా విద్యార్థిని దాని ముందు కూర్చోబెడితే, పది నిమిషాలు మీటలు అటూ ఇటూ జరిపి, ఏమీ నేర్చుకోకుండానే లేచిపోతాడు. ముందు ఒక ఊహ రాయించి, తరువాత పరీక్షించమంటేనే అది పాఠమవుతుంది.

కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు కెమ్‌కలెక్టివ్ వర్చువల్ ల్యాబ్ మరొక తరహాది. ఇందులో ద్రావణాలను ఎంచుకోవడం, కొలిచి కలపడం, ఉష్ణోగ్రత, పీహెచ్ చూసుకోవడం అన్నీ విద్యార్థే నిర్ణయించుకోవాలి. అంశమాపనం (టైట్రేషన్) చేయబోయే ముందు రోజు దీని మీద ఒకసారి ప్రణాళిక వేసుకుంటే ప్రయోగశాలలో సమయం కలిసివస్తుంది. భావన కోసమైతే ఫెట్, ప్రయోగ ప్రణాళిక కోసమైతే కెమ్‌కలెక్టివ్ అనుకోవచ్చు. చివరి చుక్క దగ్గర బ్యూరెట్ మీట తిప్పే వేళ్ల నేర్పు ఈ రెండింటిలో దేనివల్లా రాదు.

లెక్కలు, సందేహాలు, ఏఐ

సందేహం వచ్చినప్పుడు నేడు చాలామంది మొదట వెళ్లేది ఏఐ చాట్‌బాట్ల దగ్గరికే. వాటిని నిషేధించడం కంటే వాటి హద్దులు తెలుసుకోవడం మంచిది. ఒక లెక్కతో మీరే పరీక్షించవచ్చు. 4 గ్రాముల హైడ్రోజన్, 16 గ్రాముల ఆక్సిజన్ చర్య జరిపితే ఎంత నీరు ఏర్పడుతుంది? హైడ్రోజన్ 2 మోల్‌లు, ఆక్సిజన్ అర మోల్. రెండు మోల్‌ల హైడ్రోజన్‌కు ఒక మోల్ ఆక్సిజన్ కావాలి కాబట్టి ఆక్సిజనే ముందుగా అయిపోతుంది. 1 మోల్ నీరు, అంటే 18 గ్రాములు ఏర్పడి, 2 గ్రాముల హైడ్రోజన్ మిగిలిపోతుంది. ఇంత సులువైన లెక్కను చాట్‌బాట్ సరిగానే చేయవచ్చు. అసలు పరీక్ష ఆ తరువాత మొదలవుతుంది. జవాబు 36 గ్రాములు కదా అని మీరు గట్టిగా వాదించి చూడండి. హైడ్రోజన్‌ను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే వచ్చే తప్పు జవాబు అది. మొత్తం 20 గ్రాముల పదార్థం నుంచి 36 గ్రాముల నీరు రావడం అసాధ్యమన్న మాట చెప్పి మీ వాదనను తిప్పికొట్టేది నమ్మదగినది. క్షమించండి, మీరన్నది నిజమే అని లొంగిపోయేదాన్ని గురువుగా పెట్టుకోకూడదు.

కర్బన సమ్మేళనాల నిర్మాణ చిత్రాలు గీయమన్నప్పుడు ఈ చాట్‌బాట్లు తప్పులు చేసే అవకాశం ఇంకా ఎక్కువ. కాబట్టి జవాబు అడగడం కంటే, మీరు చేసిన లెక్కను అతికించి తప్పు ఏ మెట్టులో ఉందో, జవాబు చెప్పకుండా, చూపమని అడగడం వల్ల ఎక్కువ లాభం ఉంటుంది. కెమిస్ట్రీ స్టాక్ ఎక్స్‌చేంజ్ వంటి ప్రశ్నోత్తర వేదికల్లో జవాబులిచ్చేవారిలో విషయం బాగా తెలిసినవారు ఉంటారు, తప్పు జవాబును ఇతరులు సరిదిద్దుతారు. అయితే సొంత ప్రయత్నం ఏమీ చూపకుండా హోంవర్కు ప్రశ్నను అలాగే దించేస్తే అక్కడ ఆదరణ ఉండదు. పాఠం అర్థం కాక తల పట్టుకున్న పిల్లలకు ఆ వాతావరణం కొంచెం కటువుగా తోచవచ్చు. ఎందుకు అన్న ప్రశ్నలకు ఆ వేదిక, ఎలా చేయాలి అన్న ప్రశ్నలకు ఖాన్ అకాడమీ సూచనలు సరిపోతాయి.

డబ్బిచ్చి ప్రత్యేకంగా ట్యూటరును పెట్టుకోవడం ఎప్పుడు అవసరమవుతుంది? వారాల తరబడి చదువుతున్నా ఎక్కడ ఆగిపోయారో విద్యార్థే చెప్పలేకపోతున్నప్పుడు మాత్రమే అని నేను అంటాను. లోపాన్ని వెదికి పట్టుకోవడం అనుభవం ఉన్న మనిషి చేసే పని. మొదటి తరగతిలోనే పాఠం చెప్పడం మొదలుపెట్టేవారి కంటే, విద్యార్థి చేత నాలుగు లెక్కలు గట్టిగా చెబుతూ చేయించి మౌనంగా వినేవారిని ఎంచుకోవాలి.

పాతబడిన పాఠాన్ని గుర్తుపట్టడం

తేదీ లేని పుట ఎప్పటిదో తెలుసుకోవడానికి రసాయన శాస్త్రంలో కొన్ని తేలిక గుర్తులున్నాయి. ఆవర్తన పట్టికలో 113, 115, 117, 118 మూలకాలకు నిహోనియం, మాస్కోవియం, టెనెస్సిన్, ఒగనెసాన్ అన్న పేర్లు 2016 నవంబరులో ఖరారయ్యాయి; అక్కడ ఇంకా తాత్కాలిక నామాలే ఉంటే ఆ పుటను అంతకుముందు నుంచీ ఎవరూ సవరించలేదన్న మాట. మోల్‌ను 12 గ్రాముల కార్బన్-12లో ఉండే పరమాణువుల సంఖ్యతో నిర్వచించడం పాత పద్ధతి; 2019 మే 20 నుంచి సరిగ్గా 6.02214076 × 10²³ కణాలున్న పదార్థ రాశినే మోల్ అంటున్నారు. హైస్కూలు లెక్కల్లో దీనివల్ల తేడా రాదు గాని, నిర్వచనం రాయమన్నప్పుడు వస్తుంది.

విద్యార్థులను నిజంగా తికమకపెట్టేది మోలార్ ఘనపరిమాణం. ఒక చోట 22.4 లీటర్లు, మరొక చోట 22.7 లీటర్లు అని కనిపిస్తుంది. రెండూ సరైనవే. మొదటిది 1 అట్మాస్ఫియర్ పీడనం వద్ద, రెండవది 1 బార్ పీడనం వద్ద. ఉష్ణోగ్రత రెండింటిలోనూ 0 డిగ్రీల సెల్సియసే. ప్రామాణిక పీడనాన్ని 1982లో 1 బార్‌గా మార్చినా, ఎన్నో పాఠ్యపుస్తకాలు పాత విలువనే కొనసాగిస్తున్నాయి. ఏ సైటు వాడినా మీ పరీక్ష ఏ విలువను ఆశిస్తుందో సిలబస్ చూసి నిర్ధారించుకోవలసిందే. ద్రవీభవన స్థానాలు, అణు భారాలు వంటి సంఖ్యలు కావలసినప్పుడు మాత్రం పాఠాల సైట్లను వదిలి పదార్థాల వివరాలను పొందుపరిచిన పబ్‌కెమ్‌కు గాని నిస్ట్ కెమిస్ట్రీ వెబ్‌బుక్‌కు గాని నేరుగా వెళ్లడం అలవాటు చేసుకోవాలి.

ఒక సైటు వివరణల నాణ్యతను కొలవడానికి ఒక్క ప్రశ్న చాలు: బంధం తెగినప్పుడు శక్తి విడుదలవుతుందా, ఖర్చవుతుందా? ఒక మోల్ హైడ్రోజన్ అణువులను పరమాణువులుగా విడగొట్టడానికి దాదాపు 436 కిలోజౌళ్లు ఇవ్వాలి. శక్తి విడుదలయ్యేది కొత్త బంధాలు ఏర్పడినప్పుడే. ఇంధనంలోని బంధాలు తెగి శక్తి బయటికి వస్తుందని రాసిన పుట కనిపిస్తే, మిగతా అధ్యాయాలను కూడా అనుమానంతోనే చదవాలి.

బోధించేవారికి

ఉపాధ్యాయుల అవసరాలు విద్యార్థులవి కావు. వారికి విషయ వివరణ కంటే తరగతిలో వాడదగిన కృత్యాలు, అపోహలను బయటపెట్టే ప్రశ్నలు, ప్రయోగాల భద్రతా వివరాలు కావాలి. ఈ మూడూ ఒకే చోట దొరికేది బ్రిటన్‌లోని రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ విద్యా విభాగంలో. ప్రయోగానికి కావలసిన పరికరాల జాబితా, గాఢతలు, ప్రమాదాలు, తరగతిలో అడగవలసిన ప్రశ్నలు అన్నీ విడివిడిగా ఇస్తారు. అమెరికన్ కెమికల్ సొసైటీ 2014లో స్థాపించిన రసాయన శాస్త్ర ఉపాధ్యాయుల సంఘం పాఠ్య ప్రణాళికలు కూడా బాగుంటాయి, కానీ చాలావాటికి సభ్యత్వ రుసుము కట్టాలి. ఫెట్ సైటులో ఉపాధ్యాయుల ఖాతా తెరిస్తే, ఇతర ఉపాధ్యాయులు రాసి పెట్టిన కృత్యపత్రాలు దొరుకుతాయి. వాటి నాణ్యత ఒకేలా ఉండదు కాబట్టి యథాతథంగా కాకుండా సవరించుకుని వాడటం మంచిది. ఖర్చు పెట్టదలచుకోనివారికి రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ పుటలు, ఫెట్, సీకే-12 కలిపితే ఏడాది పొడవునా సరిపోతాయి.

భద్రత విషయంలో మాత్రం వీడియోలను నమ్మవద్దని గట్టిగా చెబుతాను. వేర్వేరు లోహ లవణాలను మిథనాల్‌లో కలిపి వెలిగించి రంగురంగుల మంటలు చూపే ప్రదర్శన ఆన్‌లైన్‌లో అందంగా కనిపిస్తుంది. మంట తగ్గినప్పుడు సీసాతో మరికొంత మిథనాల్ పోయబోతే ఆవిరి అంటుకుని మంట సీసాలోకి పాకుతుంది. ఇలా విద్యార్థులు తీవ్రంగా కాలిపోయిన ఘటనల తరువాత అమెరికా రసాయన భద్రతా మండలి 2013లో ప్రత్యేకంగా ఒక హెచ్చరిక వీడియో విడుదల చేసింది. అవే రంగులను లవణ ద్రావణంలో నానబెట్టిన చెక్క పుల్లలను బర్నరు మంటలో పెట్టి చూపవచ్చు. ఆన్‌లైన్‌లో చూసిన ఏ ప్రయోగమైనా సరే, రాతపూర్వకమైన భద్రతా వివరాలు ఒక విశ్వసనీయ సంస్థ నుంచి దొరికి, దాన్ని విద్యార్థులు లేనప్పుడు ఒకసారి చేసి చూసుకున్నాకే తరగతిలోకి తీసుకెళ్లాలి.

చివరిగా హక్కుల సంగతి. ఓపెన్‌స్టాక్స్ పుటలను పేరు పేర్కొని ముద్రించి పంచుకోవడానికి దాని లైసెన్సు అనుమతిస్తుంది. ఉచితంగా చదవనిచ్చే సైట్లన్నీ అలా అనుమతించవు. కాబట్టి కృత్యపత్రం తయారు చేసుకునేటప్పుడే ఆ పుట అడుగున ఉన్న షరతులను చదివి, అనుమతి లేనిచోట ముద్రించకుండా లంకెను మాత్రమే విద్యార్థులకు ఇవ్వాలి.